మస్కట్ మీటరు వెంట మూడు ఊళ్లు

నా ఉద్యోగం ఏమిటో పదిహేనేళ్లుగా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. తెనాలిలో మా అమ్మని ఎవరైనా అడిగితే "దేశాలకి కాగితాలు పంపే పనండీ" అంటుంది. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, సరిగ్గా అదే నా పని.

మా కంపెనీ హైదరాబాద్ శివార్లలో షుగర్ చూసుకునే చిన్న మీటర్లు తయారు చేస్తుంది. వేలి కొసన గుచ్చి, ఒక చుక్క రక్తం స్ట్రిప్ మీద పెడితే కాసేపట్లో అంకె వస్తుంది. ఆ మీటరుని ముందు ఏ దేశంలో అమ్మాలి, అక్కడి ప్రభుత్వం ఏ పరీక్షల కాగితాలు అడుగుతుంది, ఒకచోట దొరికిన అనుమతి చూపిస్తే ఇంకెక్కడ పని సులువవుతుంది అని ముందే లెక్కగట్టి బాట వేసేది నేను. నా బల్ల ఎదురుగా గోడంతా ఒక పటం ఉంటుంది. దేశానికో గడి, గడికో రంగు, ఈ గడి నుంచి ఆ గడికి బాణాలు. ఆ పటం చూసుకుని నేను మురిసిపోయేదాన్ని, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

వేసవి మొదట్లో మూడు ఫిర్యాదులు వచ్చాయి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల. మూడింట్లోనూ ఒకటే మాట: ఈ మీటరుకి స్ట్రిప్పులు ఇక్కడ దొరకడం లేదు. నంబర్లు చూస్తే ఆ మూడూ మేము మస్కట్‌కి పంపిన మీటర్లు. మన దేశంలో అమ్మినవి కావు.

"మనకేం సంబంధం? కారణం అన్న గడిలో 'వాడకందారు పొరపాటు' అని రాసి మూసెయ్యి" అన్నాడు మా బాస్. మంచివాడే కానీ తొందరెక్కువ. అప్పటికి మరో నాలుగు దేశాలకి పంపాల్సిన ఫైలు సిద్ధంగా ఉంది. అది వెళ్లాలంటే పాత ఫిర్యాదులన్నీ మూసి ఉండాలి. వచ్చే సోమవారం దాకా గడువు.

చూడనిదాని మీద సంతకం పెట్టను అని ఆఫీసులో గొప్పలు చెప్పుకునే మనిషిని నేను. ఆ మాటే నా మెడకి చుట్టుకుంది. మూడు డబ్బాల స్ట్రిప్పులు, మస్కట్ మీటరుతో ఇచ్చే కరపత్రాలు నాలుగు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఆ కరపత్రం గురించి ఒక మాట చెప్పాలి. మీటరు ఎలా వాడాలో, అంకెని ఎలా అర్థం చేసుకోవాలో అందులో ఉంటుంది. ఎనిమిది నెలలు దాని మీద కూర్చున్నాను. అరబ్బీ, ఇంగ్లీషు ఎలాగూ తప్పవు. కూలికి వెళ్లినవాళ్లు చదువుకుంటారని హిందీ, మలయాళం, బెంగాలీ నేనే పట్టుబట్టి వేయించాను. తెలుగు వేయించలేదు. మడతలో చోటు చాల్లేదు.

సిరిసిల్ల: సుద్దతో రాసిన లెక్క

సిద్దిపేట దాటాక పక్క సీటు ఆవిడ స్టీలు డబ్బా తీసి సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. తింటారా అని అడగలేదు. మా వైపు ముందు ఊరూ పేరూ ఆరా తీసి అప్పుడు పెడతారు. ఇక్కడ ముందు పెట్టి తర్వాత ఆరా తీశారు. "ఏ ఊరు పోతున్నవు? ఎవలింటికి?" ఎవరింటికీ కాదు, పని మీద అన్నాను. "పనైతే మాత్రం, ఒగలింటికి పోవుడే గదా" అంది. నిజమే.

సిరిసిల్లలో మగ్గాలు కనపడకముందే వినపడతాయి. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. రాజేశం అనే యాభై ఏళ్ల నేతకార్మికుడు ఫిర్యాదు చేసినాయన. ఎనిమిది సాంచలున్న షెడ్డులో పనిచేస్తున్నాడు. నేను నా పేరు మూడుసార్లు అరిచాను. ఆయన నా పెదాలు చూసి మొదటిసారికే అర్థం చేసుకున్నాడట. తర్వాత చెప్పి నవ్వాడు.

ఆయన సాంచ చట్రం మీద సుద్దముక్కతో రాసి ఉంది: ఇంటూ పద్దెనిమిది. నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఆ లెక్క ఏమిటో నాకు తెలుసు.

మన దేశంలో షుగర్‌ని వందల్లో చెబుతారు. నూట నలభై, రెండు వందల పది, అలాగ. మస్కట్‌కి మేము పంపే మీటర్లు అదే షుగర్‌ని వేరే కొలతలో చూపిస్తాయి. ఏడు, తొమ్మిది, పన్నెండు, అలాగ. ఆ అంకెని పద్దెనిమిదితో గుణిస్తే మన లెక్క వస్తుంది. వాడేవాళ్లు పొరపాటున ఒక కొలత నుంచి ఇంకో కొలతకి మార్చేసుకోకుండా ఫ్యాక్టరీలోనే దానికి తాళం వేసేస్తాం. భద్రత కోసమే. ఆ తాళం సలహా కూడా నాదే.

బయట హోటల్లో చాయ్ తాగుతూ రాజేశం కథ చెప్పాడు.

"మా బామ్మర్ది మస్కట్ నుంచి తెచ్చిండు మేడం. మొదటి రోజు చూస్కుంటె ఏడు పాయింటు ఎనిమిది అని అచ్చింది. ఏడేంది, నేను బతికున్ననా సచ్చిపోయిననా అని నాకే అనుమానమైంది. నా భార్యయితే ఏడుపే!"

"మరి ఎలా తెలిసింది?"

"అంకె పక్కపొంటి చీమ తలకాయంత అక్షరాలున్నయి. మా సాంచ మీద గూడ మీటరుంటది మేడం. అంకె ఒక్కటి చూస్తె కాదు, అది దేని లెక్కనో చూడాలె. గజమా, మీటరా? సాంచల ఆసామితోని మాకు ఎప్పటికి గదే లొల్లి. గా అక్షరాలు కాయితం మీద రాస్కపోయి మెడికల్ షాపాయనకు చూపిచ్చిన. పద్దెనిమిది పెట్టి గుణించుమన్నడు."

నాకు ఎంత సంతోషమేసిందో! సంచిలోంచి పుస్తకం తీసి రాసుకున్నాను: 'కొలత పేరు తెర మీద ఉంది. వాడకందారు గుర్తించగలిగాడు.' ఒక ఫిర్యాదు మూతపడ్డట్టే. స్ట్రిప్పుల డబ్బా చేతికిచ్చాను.

ఆయన డబ్బా తిప్పి చూసి, తాపీగా అడిగాడు. "గని గా అక్షరం గంత చిన్నగ ఎందుకేసిండ్రు మేడం? బట్టల కొలత తప్పితె పైసలు పోతయి. గీండ్ల కొలత తప్పితె మనిషి పోడా?"

కొలత పేరు తెర మీద కనపడాలన్నది నియమం. ఎంత పెద్దగా అన్నది మేమే తేల్చుకున్నాం. చిన్నగా ఉంటే తెర నీటుగా ఉంటుందని డిజైన్ వాళ్లు అన్నారు. సరేనని సంతకం పెట్టాను. ఇదంతా ఆయనకి చెప్పలేదు. "పైవాళ్లకి చెబుతానండీ" అన్నాను. ఆ మీటరు విషయంలో ఆ పైవాళ్లు నేనే.

చాయ్ పది రూపాయలు. ఇవ్వబోతే చెయ్యి పక్కకి తోసేశాడు. "మా ఊరికచ్చి మీరిచ్చుడేంది?"

జగిత్యాల: పేరు లేని వస్తువు లేదు

మర్నాడు వేములవాడ మీదుగా జగిత్యాల బస్సు. సగం మంది గుండ్లతో, గుండ్ల మీద పసుపుతో ఉన్నారు. నాది ఒక్కటే జుట్టున్న తల అని కండక్టరు జోకేశాడు. కొండగట్టు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఒక కోతి చెయ్యి పెట్టి నా అరటిపళ్లతో పాటు ఒక కరపత్రం కూడా లాక్కుపోయింది. పళ్లు తిని కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పారేసింది. "గది చదివి పెట్టింది మేడం" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

జగిత్యాల ఫిర్యాదు స్వరూపది. పాత బస్టాండు దగ్గర మందుల షాపు ఆవిడది. నలభై దాటిన మనిషి, మాట్లాడుతూనే మందులు కత్తిరించి ఇస్తుంది, చీటీ చూడకుండానే ధర చెబుతుంది. నేను లోపలికి వెళ్లగానే మొదటి మాట: "కంపెనీ మేడమా? మీ కోసమే సూస్తున్న. తొమ్మిదిమంది తిరుగుతుండ్రు నా సుట్టు, మీ స్ట్రిప్పుల కోసం."

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. జొన్నరొట్టె, కోడికూర, అన్నంలోకి పచ్చిపులుసు. మా అమ్మ చింతపండుని పొయ్యెక్కించకుండా వదలదు. ఇక్కడ చల్లగానే పిసికి, ఉల్లిపాయలూ కాల్చిన పచ్చిమిర్చీ వేసి వదిలేశారు. రెండుసార్లు వేయించుకున్నాను. మూడోసారి స్వరూప అడక్కుండానే వేసింది.

"మస్కట్ మీటర్లు ఇన్ని ఇక్కడికెలా వచ్చాయండీ?" అని అడిగాను.

"ఎట్ల అచ్చుడేంది! పక్కింట్ల ఇయ్యాల్నే దిగిండు. రాండ్రి సూపిస్త."

పక్కింటి గంగాధర్ మస్కట్ నుంచి రెండేళ్లకి సెలవు మీద వచ్చాడు. హాల్లో నడుమెత్తు అట్టపెట్టె, చుట్టూ నీలంతాడు, పైన లావు మార్కరుతో ఊరి పేరు. వాకిట్లో పదిహేనుమంది ఉన్నారు. వాళ్లలో సగం మంది ఇంటివాళ్లు కారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, సెలవు మీద వచ్చే మనిషి చేత మస్కట్‌లో అతని గదిలో ఉండే మిగతావాళ్లంతా తమ ఇళ్లకి ఒకటో రెండో వస్తువులు పంపుతారు. పెట్టె అందరి ముందే విప్పుతారు. ప్రతి వస్తువు మీదా రెండు పేర్లుంటాయి, ఎవరికి, ఎవరు పంపారు అని. సబ్బుల జతకి పేర్లు, సెంటు సీసాకి పేర్లు, టార్చిలైటుకి పేర్లు. గంగాధర్ పేరు చదువుతాడు, ఆ ఇంటి మనిషి వచ్చి తీసుకుంటుంది, పంపినవాడి పేరు పైకి చదివించుకుని మరీ వెళుతుంది. పేరు లేని వస్తువు ఒక్కటి కూడా లేదు.

ఒక మేజోడులోంచి మా మీటరు బయటికి వచ్చింది. డబ్బా లేదు, ఏమీ లేదు.

"దీంతో ఒక కాగితం ఉండాలే?" అన్నాను.

"ఉంటది మేడం. విమానంల బరువు కొలుస్తరు. డబ్బలు, కాయితాలు అన్ని రూముల్నే తీసి పారేస్తం. గా జాగల ఇంకో రెండు సబ్బులు పడ్తయి." అతను దాపరికం లేకుండా చెప్పాడు. తప్పు చేసినవాడి గొంతు కాదది. తూకం తెలిసినవాడి గొంతు.

ఎనిమిది నెలల నా పని రెండు సబ్బులంత చోటుకి ఓడిపోయింది. గోడ మీది పటం గుర్తొచ్చింది. ఎన్ని బాణాలు గీశాను! యూరప్ నుంచి గల్ఫ్‌కి, గల్ఫ్ నుంచి ఆఫ్రికాకి. మస్కట్ నుంచి జగిత్యాలకి ఒక్క బాణం లేదు. నిజంగా వస్తువులు నడిచే దారి ఇదైతే, నేను గీసిందేమిటి?

బస్టాండుకి తిరిగొస్తుంటే స్వరూప అంది, "రేపు కోరుట్లకు పోతరు గదా? గాడ లచ్చవ్వ అని ఉంటది, ఆమె ఫిర్యాదు గూడ నేనే రాసి పంపిన. మీ మిషన్ తోని గల్లి మొత్తానికి ఆమెనే డాక్టరమ్మ."

కోరుట్ల: పద్నాలుగు పాయింట్లు

లచ్చవ్వకి అరవై ఉంటాయి. ఇంటి అరుగు మీద ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు ముక్క, చిటికెడు తంబాకు, ఒక్క తిప్పు, దారం. మాట్లాడుతున్నా చేతులు ఆగవు. "లచ్చవ్వగారూ" అన్నాను. పక్కన బీడీలు చుడుతున్న ఇద్దరు ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. "గారు ఏంది బిడ్డా, లచ్చవ్వ అను. ఎండల వడి అచ్చినట్టున్నవు, కూసో" అని చెంబుతో నీళ్లిచ్చింది.

స్ట్రిప్పుల డబ్బా చూడగానే ముఖం వెలిగిపోయింది. మస్కట్‌లో ఉన్న ఆమె తమ్ముడు ఎవరి పెట్టెలోనో పెట్టి పంపాడట ఆ మీటరు. "రక్తం చూసే మిషన్ అక్కా" అని ఫోనులో చెప్పాడట. నెల కింద పుల్లలన్నీ అయిపోయాయి. స్ట్రిప్పులని ఆమె పుల్లలంటుంది.

"ఏది, ముందుగాల నీకే చూస్త. చెయ్యి ఇటు తే."

కంపెనీ పని మీద వచ్చినదాన్ని, వద్దనాలి. చెయ్యి ఇచ్చేశాను. కొత్త సూది తీసి, ఎంత నేర్పుగా గుచ్చిందంటే నొప్పి తెలియలేదు. తెర మీద అంకె వచ్చింది: అయిదు పాయింటు మూడు. అంటే తొంభై అయిదు, నిక్షేపంలాంటి అంకె.

లచ్చవ్వ నా వంక జాలిగా చూసింది.

"అయ్యో బిడ్డా! అయిదే? నీ ఒంట్ల రక్తమే లేదు గదనే! గంత చదువు చదివి గిట్ల ఎండిపోతివి." లోపలికి కేకేసి పల్లిపట్టీలు తెప్పించి నా చేతిలో పెట్టింది. "బెల్లం తిను. ఖర్జూరపండ్లు తిను. పదకొండుకు తక్కువ ఉండద్దు."

పల్లిపట్టీ నోట్లో పెట్టుకున్నాను. పదకొండు! ఊళ్లో క్యాంపులు పెట్టినప్పుడు రక్తహీనత చూస్తారు. "రక్తం పదకొండు పాయింట్లుండాలి, నీకు ఎనిమిదే ఉంది" అని ప్రతి ఆడమనిషికీ చెబుతారు. లచ్చవ్వకి తెలిసిన రక్తం అంకె అదే.

"అవ్వా, ఇది రక్తం ఎంతుందో చూసేది కాదు. షుగర్ చూసేది."

"షుగర్ నాకెరుక లేదా? షుగరంటె వందలల్ల ఉంటది. నాకు గూడ అప్పుడు దవాఖానల రెండు వందల చిల్లర అన్నరు. ఇది వందలల్ల చూపిస్తదా? చూపియ్యది. మరి షుగరెట్లయితది?"

చిన్నప్పుడు మా లెక్కల మాస్టారైనా ఆ తర్కాన్ని తప్పని అనేవారు కాదు.

"మీకు ఎంత వస్తుంది అవ్వా?" మెల్లిగా అడిగాను.

"నాకా?" గర్వంగా వేలు గుచ్చుకుంది. పద్నాలుగు పాయింటు తొమ్మిది. "చూసినవా! ఈ వాడకట్టుల ఎవ్వలకు లేదు గింత రక్తం. ఇంత మంచిగున్నంక షుగర్ గోలీలు ఎందుకని బంద్ చేసిన. దవాఖానకు పోతె లైన్ల ఒక దినం పోతది, గా దినం బీడీలు పోతయి."

నేను మనసులో పద్దెనిమిదితో గుణిస్తున్నాను. రెండు వందల అరవై ఎనిమిది. అప్పుడు చూశాను, ఎడమకాలి చిటికెన వేలికి గుడ్డ కట్టి ఉంది.

"ఇదేమైంది?"

"రాయి తాకింది. రెండు నెలలైతుంది. మానుతది. రక్తం మంచిగున్నోళ్లకు ఎందుకు మానది?"

నాకు ఏడుపు వచ్చింది. దాచుకున్నానని రాయడం అబద్ధం. అక్కడే, అరుగు మీదే ఏడ్చాను.

దవాఖాన

ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు వాళ్ల మీటరుతో చూసింది, రెండు వందల డెబ్బై. లచ్చవ్వ ఆ మీటరు వంకా, తన మీటరు వంకా చూసింది. తర్వాత నా వంక చూసింది. రాజేశం చెప్పిన లెక్క నేను కాగితం మీద వేసి చూపించాను. పద్నాలుగు పాయింటు తొమ్మిది, ఇంటూ పద్దెనిమిది. బీడీ కట్టలు ఇరవై అయిదేసి లెక్కపెట్టే మనిషి. నాకంటే ముందే నోటితో చెప్పేసింది.

డాక్టరు యువకుడు. గుడ్డ విప్పి చూశాడు. "రేప్పొద్దున్నే కరీంనగర్ పెద్దాసుపత్రికి వెళ్లాలి. వేలు ఉంటుందో తీసేయాలో వాళ్లే చెప్పాలి. ఇంకో నెల ఆగితే పాదం దాకా వచ్చేది." ఇప్పుడే వెళ్లిపోదాం, నేను కారు మాట్లాడతాను అన్నాను.

"రేపు పోత బిడ్డా. ఇయ్యాల పనున్నది."

"ఇంతకంటే పనేముంది అవ్వా?"

"ఏడిళ్లల్ల సూది గుచ్చిన. ఏడిళ్లకు పోవాలె."

ఏడిళ్లు

కాలికి కట్టుతో చెప్పు పట్టలేదు. ఆ చెప్పు నేను పట్టుకుని ఆమె వెనక నడిచాను. ఎండ మాడుతోంది.

మొదటి ఇంట్లో బాలింత. ఆమెకి అయిదు వచ్చిందని, రక్తం లేదని బెల్లం తినిపించింది లచ్చవ్వ. "తప్పు నాదే బిడ్డా. గది రక్తం లెక్క కాదట. నువ్వు మంచిగనే ఉన్నవు." ఆ పిల్ల నవ్వేసింది. మొదటి ఇల్లు తేలిగ్గా గడిచింది.

రెండో ఇల్లు టైలరు నర్సయ్యది. అతనికి పదహారు. వాడకట్టు మొత్తంలో తనదే ఎక్కువ రక్తమని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడట. లచ్చవ్వ మాట పూర్తి కాకముందే కుట్టు మిషను మీద నుంచి లేచాడు. "నువ్వు చెప్తెనే గదనే గోలీలు బంద్ చేసింది! నా పానం తీస్తువా?"

"తప్పు నాదే తమ్మీ. ఇయ్యాల్నే మొదలువెట్టు. రేపు దవాఖానకు పో, మర్వకు."

మూడో ఇంట్లో మాట పడింది. నాలుగో ఇంట్లో తలుపు సగమే తీశారు. అయిదో ఇంట్లో ఎవరో "డాక్టరమ్మ అచ్చింది" అని లోపలి నుంచి అన్నారు. ఆరో ఇంట్లో ఒక ముసలాయన, పన్నెండు వచ్చినాయన, వింటూనే గోడకి జారగిలబడి కూర్చున్నాడు. లచ్చవ్వ ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే మామా."

ఆరిళ్లలోనూ నేను గుమ్మం బయటే నిలబడ్డాను, చేతిలో చెప్పుతో. కంపెనీ తరఫున వెళ్లినప్పుడు నోటిమాటగా తప్పు ఒప్పుకోకూడదు. మా ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్పేది అదే. కొత్తవాళ్లకి ఇప్పుడు నేర్పుతున్నది కూడా నేనే. ఆ పాఠం నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

ఏడో ఇంటి ఆవిడ లచ్చవ్వ ముఖం మీదే అనేసింది. "సదువు రాని మొకానికి మిషనెందుకే? తెల్వనప్పుడు సప్పుడు చేయకుండ ఉండాలె!"

లచ్చవ్వ తల దించుకుంది. పొద్దుట నా వేలు పట్టుకుని జాలిపడిన మనిషి. ఇక నాకు ఆగలేదు.

"ఆవిడ తప్పు కాదండీ" అన్నాను. "అది షుగర్ మీటరని, ఏ కొలతలో చూపిస్తుందో దాని మీద పెద్దగా రాసి ఉండాలి. చిన్నగా రాస్తే చాలని సంతకం పెట్టింది నేను. తెలుగు కాగితం వద్దనుకున్నదీ నేనే. తప్పు నాది."

ఆవిడ లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. లచ్చవ్వ మాత్రం చాలాసేపు నన్నే చూసింది. కోపంగా కాదు. బీడీ కట్టలో తక్కువపడ్డ బీడీని వెతికినట్టు చూసింది.

"గీ మాట మొదటింట్లనే అంటె ఆరిళ్ల తిట్లు పడకపోదును గద, బిడ్డా."

అంతే. నా చేతిలోంచి చెప్పు తీసుకుని ఇంటికి నడిచింది.

తిరిగొచ్చాక

మర్నాడు ఆమెని కరీంనగర్‌లో చేర్పించి, మస్కట్ మీటరుని ఫిర్యాదు నమూనాగా తీసుకుని హైదరాబాద్ చేరాను. సోమవారం పొద్దున్నే ఫిర్యాదు పత్రం ముందు పెట్టుకున్నాను. కారణం అన్న గడి చిన్నది. 'వాడకందారు పొరపాటు' అని రాయడానికి సరిపోయేంత. నేను రాసింది పట్టక వెనక పేజీకి వెళ్లాల్సి వచ్చింది. మీటరు దేశం దాటి ప్రయాణిస్తుందని ఊహించలేదు, కాగితం లేకుండా ప్రయాణిస్తుందని అసలే ఊహించలేదు, కొలత పేరు చదవగలిగేంత పెద్దగా లేదు, ఈ మూడు లోపాలతోనే సంతకం చేసింది నేను అని రాశాను.

బాస్ చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. "ఒక్క గల్లీ కోసం నాలుగు దేశాల పని ఆపేశావు."

"నాలుగు దేశాల్లోనూ ఆ గల్లీవాళ్లే ఉన్నారండీ" అన్నాను.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఫైలు ఆపాడు. తెర మార్చే పని మొదలైంది. మస్కట్‌లో మీటరు కొన్నవాళ్లకి హెచ్చరిక వెళ్లింది, ఈసారి తెలుగులో కూడా, కాగితం మీద కాదు, ఫోనులో వినగలిగే మాటగా. మాట బరువు తూగదు కదా. గోడ మీది పటంలో మస్కట్ నుంచి కిందికి ఒక బాణం గీసి, కొసన మూడు ఊళ్ల పేర్లు రాశాను.

పదిహేను రోజులకి ఫోను వచ్చింది.

"వేలు తీసేసిండ్రు బిడ్డా. కాలు దక్కింది."

నేను క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటుంటేనే తెలిసింది.

"ఏడో ఇంట్లనే అంటివి గద, మల్ల ఎందుకు? గది కాదు, నర్సయ్యకు నూట అరవైకి దిగింది, గది చెప్దామని చేసిన. మరి అక్షరం పెద్దగ వేస్తున్నవా లేదా?"

"వేస్తున్నాం అవ్వా."

"ఎంత పెద్దగ?"

"అంకె ఎంత ఉంటే అంత."

వెనక దారం తెంపిన చప్పుడు వినపడింది. "గట్లయితె నాకొకటి పంపు. వందలల్ల చూపించేది. దవాఖానకు పోలేనోళ్లు నా దగ్గరికే అస్తుండ్రు, ఇంకా."

కొత్త తెరతో మొదటి మీటర్లు వచ్చినరోజు అందులోంచి ఒకటి తీశాను. డబ్బా మీద లావు మార్కరుతో రాశాను: లచ్చవ్వ, కోరుట్ల. ఇలాంటివి పంపేటప్పుడు కింద కంపెనీ ముద్ర వేయడం మా ఆఫీసు అలవాటు. జగిత్యాల వాకిట్లో నీలంతాడు విప్పిన పెట్టె గుర్తొచ్చింది. ముద్ర పక్కకి పెట్టేసి, పంపినవారు అన్నచోట నా పేరు రాశాను.